తలకిందులుగా వేలాడిన తిత్తి

వజ్రతీర రాకుమారుడు మణికేతుడి ఒంట్లో రాయి పైకి పాకుతూనే ఉంది. మాంత్రికుడు కాలజంఘుడు సింహాసనం అడిగాడు, మహారాజు పొమ్మన్నాడు, మర్నాటికి పిల్లవాడి పాదాలు నల్లరాయి అయ్యాయి. తరువాత మోకాళ్ళు, తరువాత నడుము. ఇప్పుడు రొమ్ము దాకా వచ్చింది. అమావాస్యకు గొంతు అందుకుంటుందని రాజవైద్యులంతా ఒక్కమాటగా చెప్పారు. ఆ ఆస్థానంలో వైద్యులు ఒక్కమాట మీదికి రావడం అదే మొదటిసారి.

విరుగుడు లేకపోలేదు. పడమటి కొండల్లో మూగగవి అనే గుహ ఉంది. దాని అడుగున ఒక స్ఫటికపు గుంటలో ఏడాది పొడవునా బొట్టుబొట్టుగా జలం ఊరుతుంది. ఊరేది ఒక్క గుక్కెడు. అది రాయైన ఒంటిని తిరిగి మాంసం చేస్తుంది. అయితే స్ఫటికంలోనో గాజులోనో తప్ప నిలవదు. మామూలు రాతి మీద పడితే చటుక్కున ఇంకిపోతుంది. మళ్ళీ కావాలంటే మళ్ళీ ఏడాది ఆగాలి, మణికేతుడికి ఏడాది లేదు.

అందుకే అతడి అక్క కువలయ జడ కత్తిరించి, మీసం అంటించి, ఉప్పు బేరగాడి వేషంలో బయలుదేరింది. దారి పొడవునా కాలజంఘుడి వేగులు ఉన్నారు మరి. వెంట అంతఃపుర రక్షకుడు పోతినాయకుడు ఎద్దును తోలుకుంటూ వచ్చాడు. పోతినాయకుడి భుజాలు కోట తలుపంత ఉంటాయి. గుహలోకి వెళ్ళే పనికి అలాంటివాణ్ణి వెంట తీసుకురావడంలోనే మన రాకుమారి అనుభవం తెలుస్తోంది.

కొండ ఎక్కి మలుపు తిరగగానే మూగగవి కనబడింది. ఎర్రరాతి కొండ నడుమ నల్లగా తెరుచుకున్న నోరు. దాని పైపెదవి నుంచి తెల్లటి సున్నపు ఊడలు వేలాడుతున్నాయి. లోపలి నుంచి వచ్చే చల్లగాలికి చుట్టుపక్కల గడ్డి మండువేసవిలో కూడా పచ్చగా నిలబడింది. పక్షి అన్నది ఆ దరిదాపుల్లో కూయదు. గుహ ముందు వరుసగా పాతిన గుంజలకు తోలు సంచులు మూతులు నేలవైపుగా వేలాడుతున్నాయి. చాలావరకు కుళ్ళి పీలికలయ్యాయి. 

గుహ కిందనే గవిమిట్ట అనే ఊరు. తరతరాలుగా ఆ గుహలోకి దిగి రంగురాళ్ళు, మందుమట్టి తెచ్చుకుని బతికేవాళ్ళు అక్కడివాళ్ళు. సంచిని వాళ్ళు తిత్తి అంటారు. ఈడ్పు కానిదే ఏ తిత్తినీ గవిలోకి పోనివ్వరు, అది ఊరి కట్టుబాటు. తిత్తి నిండా వాగురాళ్ళు నింపి, కోడెకు కట్టి, గవి ముందున్న కరుకుబండ మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఈడ్పిస్తారు. అదే ఈడ్పు. తట్టుకున్న తిత్తి లోపలికి పోతుంది, తట్టుకోనిది పొయ్యిలోకి పోతుంది.

"మా తిత్తి చూస్తే మీ కోడె సిగ్గుపడుతుంది" అన్నాడు పోతినాయకుడు, రాజధాని తోళ్ళబజారులో తాను స్వయంగా ఎంచి తెచ్చిన సంచిని దులుపుతూ.

సంచి నిజంగానే చూడముచ్చటగా ఉంది. జింకతోలు, అంచులకు జరీ, ముందొక జేబు, పక్కనొక జేబు, జేబులో మళ్ళీ జేబు, ఇత్తడి బుడిపెలు, పైన వెండి కొక్కెం. ఉప్పు బేరగాడి దగ్గర వెండి కొక్కెం ఏమిటని ఎవరైనా అడుగుతారేమోనని కువలయ భయపడింది. అదృష్టం బాగుండి, ఊరివాళ్ళకు ఆ అనుమానం కంటే నవ్వు ముందొచ్చింది.

గుంపులోంచి నడివయసు ఆడమనిషి ఒకతె ముందుకు వచ్చింది. చేతిలో తోలు కుట్టే ఆరె, నోట్లో దారం. ఆమె పేరు ఓబులక్క. ఊళ్ళో సగం తిత్తులు ఆమె చేతివే, ఊళ్ళో సగం తగువులు కూడా ఆమెవే.

"ఏమప్పా, గవిలో యాడన్నా పెండ్లి ఉండాదా? ఇంత సింగారించుకుని పోతా ఉండారు?" అంది.

కోడె నాలుగడుగులు వేసిందో లేదో, జేబు ఒకటి బండ అంచుకు పట్టుకుంది. జేబుతో పాటు పక్కతోలంతా ఊడి వచ్చింది. వెండి కొక్కెం ఎగిరి పోతినాయకుడి నుదుటికే తగిలింది.

ఊరివాళ్ళు తమ ఇళ్ళలోని తిత్తులు తెచ్చారు. ఒకటి గట్టిదే, కానీ కింద ఉబ్బుగా ఉంది, పాములసందు అనే ఇరుకులో పట్టదు. ఇంకొకటి జనపనారతో అల్లినది, తడిస్తే మనిషంత బరువవుతుంది. చివరికి ఓబులక్క తన ఇంట్లోంచి కొత్త తిత్తి తెచ్చి, "ఇది చిరిగితే నా చెయ్యి నరుక్కుంటా" అని కోడెకు కట్టింది. అది నట్టనడిమికి చీలింది. ఓబులక్క చెయ్యి నరుక్కోలేదు గానీ, ఆ తోలును, తోలు ఇచ్చిన దున్నను, తోలును ఊరబెట్టడానికి ఈయేడు సరిగా దొరకని తంగేడుచెక్కను వరసపెట్టి తిట్టింది.

కువలయకు తమ్ముడు కళ్ళముందు మెదిలాడు. బయలుదేరేటప్పుడు వాడు "అక్కా, చేతులు కూడా రాయి అయితే ఈగల్ని ఎట్లా తోలుకోవాలి?" అని అడిగాడు. ఏడవకుండా ఉండటానికి ఆమె తల పక్కకు తిప్పింది. అప్పుడు కనబడింది ఆ చివరి గుంజ మీది తిత్తి.

చుట్టూ ఉన్నవన్నీ పీలికలైనా అది మాత్రం చెక్కుచెదరలేదు. పొడుగ్గా, సన్నగా, గుండ్రంగా ఉంది. జేబు లేదు, బుడిపె లేదు, రాతికి పట్టుకునేదేదీ బయటికి లేదు. కుట్టంతా లోపలికి మడిచి ఉంది. అడుగున తోలు రెండు పొరలు, ఆ పొరల్లో వేలు పట్టేంత చిల్లులు.

"నాకు అది కావాలి" అంది కువలయ.

ఓబులక్క ఆరె కిందపడేసి ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"అది అడగగూడదప్పా" అన్నాడు ఊరిపెద్ద నరసింగన్న, గొంతు తగ్గించి. "దాని మనిషి రాలేదు."

గవిమిట్టలో చావును లెక్కగట్టే తీరు అది. మనిషి రాకుండా తిత్తి ఒక్కటే గవిలోంచి వచ్చే వాగునీళ్ళలో కొట్టుకొస్తే, దాన్ని గవి ముందు తలకిందులుగా వేలాడదీస్తారు. అది కుళ్ళి రాలిపోయేదాకా ఆ మనిషి పోయినట్టు కాదు. కర్మ చెయ్యరు. పెళ్ళాం గాజులు తియ్యదు, మరో మనువుకూ పోదు. ఎంత మంచి తిత్తి అయినా నాలుగు వానలకు రాలిపోతుంది. కానీ ఇది ఓబులక్క తన మొగుడు సుంకన్నకు కుట్టిన తిత్తి. ఎన్ని వానలు వచ్చాయో, ఎన్ని ఎండలు పోయాయో, అది రాలలేదు.

ఆ పగలంతా కువలయ బతిమాలింది, పోతినాయకుడు బెదిరించబోయి దెబ్బలు తినబోయాడు. లాభం లేకపోయింది.

తెల్లారుతుండగా వాళ్ళు దిగిన చావడి ముందు ఓబులక్క నిలబడి ఉంది. చేతిలో ఆ తిత్తి.

"మాట్లాడొద్దు, చెయ్యెత్తు" అని, నడుము కొలవడానికి మోకు చుట్టింది. చుట్టి ఆగిపోయింది. "ఆడబిడ్డవా?"

కువలయ చెయ్యి బాకు మీదికి పోయింది.

"అరవను లేమ్మా. మీసం అంటించుకున్నంత మాత్రాన నడుము మారతాదా? ఎవురికోసం పోతా ఉండావు?"

"తమ్ముడి కోసం. చిన్నవాడు."

ఓబులక్క కాసేపు తిత్తిని నిమురుతూ ఉండిపోయింది. "దీన్ని కుట్టేటప్పుడు ఎంత మురిసినానో. నా మొగుని తిత్తి చిరగగూడదని తోళ్ళన్నీ ఏరి ఏరి కుట్టినా, ఈడ్పులో గీత కూడా పడలేదు. ఇప్పుడు పొద్దున లేస్తూనే దీన్నే చూస్తా. ఎండకు ఎండదు, వానకు కుళ్ళదు. ఏడ్చేదానికి లేదు, మర్చిపోయేదానికి లేదు. నేనే కుట్టుకున్నా నా గతి."

"అక్కా..."

"విను. నీ పని అయినాక, బయటికి వచ్చినాక, ఎవురూ చూడకముందే దీన్ని చింపెయ్. గవిలో చిరిగింది అంటే ఊళ్ళో ఎవురూ మాట్లాడరు. నేను కత్తి పెడితే పాపం. నువ్వు పరాయిదానివి."

"నీళ్ళు బయటపడగానే చింపుతాను" అని కువలయ మాట ఇచ్చింది.

పోతినాయకుడు ఊరుకోలేక "అడుగున చిల్లులున్నాయి, కుట్టిస్తానుండు" అని చెయ్యి పెట్టబోయాడు. ఓబులక్క ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"నీళ్ళలో దిగి ఎక్కేటప్పుడు నీళ్ళు యాడికి పోవాల, నీ నోట్లోకా?" అని కువలయ వైపు తిరిగింది. "మోకు ఎడమకాలికి కట్టుకో. చేతులు ముందుండాల, తిత్తి ఎనకాల రావాల. వీపున వేసుకున్నావో, ఆడనే ఇరుక్కుని చస్తావు. ఇంకోటి. లోపల గొంతెత్తొద్దు. ఎందుకో మాకూ తెలీదు. అరిచినోళ్ళు తిరిగి రాలేదు, అంతే."

గాజుకుప్పెను దూదిలో చుట్టి, ఎండిన సొరకాయ బుర్రలో పెట్టి, బుర్రను తిత్తిలో దించారు. మెడలో మిణుగురులు నింపిన బుడ్డి వేలాడదీసుకుని కువలయ లోపలికి అడుగుపెట్టింది. పోతినాయకుడు వెంట దూరాడు. మొదటి ఇరుకులోనే బిరడాలా బిగుసుకుపోయాడు. ఊరివాళ్ళు కాళ్ళు పట్టి బయటికి లాగేసరికి అతడి అంగీ లోపలే ఉండిపోయింది. ఆ తరువాత కువలయ ఒంటరిదైంది.

గవి నిట్టనిలువున దిగింది. ఆమె గోడల పగుళ్ళలో వేళ్ళు దూర్చి దిగుతుంటే తిత్తి కాలికింద వేలాడుతూ, రాతికి రాసుకుంటూ వచ్చింది. జరీ సంచి అయితే ఈపాటికి జరీ కూడా మిగిలేది కాదు. దిగువన పసుపు, ఊదా రంగుల సున్నపు తెరలు దొంతరలుగా వేలాడుతున్న ఒక మండపం వచ్చింది. మిణుగురుల వెలుగు పడ్డ చోటల్లా ఆ తెరలు మెరిసి ఆరిపోయాయి. అంత అందాన్ని చూసి నిలబడే తీరిక ఆమెకు లేదు.

మండపం దాటగానే నీటిమడుగు అడ్డం వచ్చింది. కప్పు నీళ్ళలోకి దిగిపోయి ఉంది. కువలయ ఊపిరి బిగబట్టి మునిగింది. కప్పు కిందుగా తడుముకుంటూ, రొమ్ము పగిలిపోతుందనుకున్న క్షణంలో అవతల తల తేల్చింది. గట్టెక్కబోతే తిత్తి నీళ్ళు నిండి కాలు పట్టి కిందికి లాగింది. వేళ్ళు జారుతున్నాయి. అంతలో అడుగు చిల్లుల్లోంచి నీళ్ళు బుడబుడా కారిపోయి తిత్తి తేలికైంది. ఆమె గట్టు మీద పడి, ఓబులక్కకు మనసులోనే దండం పెట్టింది.

లేచేలోపు గోడ కదిలింది. అది గోడ కాదు, రాతిరంగు జెర్రి, తాటిమాను పొడుగున్నది. అది ఆమె కాలి మీదికి దూకి, కాలికి బదులు తిత్తిని కరిచింది. కోరలు తోలు మీద జర్రున జారాయి. మళ్ళీ కరిచింది, మళ్ళీ జారాయి. అది తల విదిలించుకునేలోపు కువలయ ఎదురుగా ఉన్న పాములసందులోకి దూరిపోయింది. పొట్ట మీద పాకుతూ, తిత్తిని ఈడ్చుకుంటూ, మోచేతులు చీరుకుపోతుంటే అవతలి గదిలోకి జారిపడింది.

అక్కడ ఉంది స్ఫటికపు గుంట. దాని నడుమ వెన్నెల గడ్డకట్టినట్టు ఒక్క గుక్కెడు జలం. చుట్టూ మసక చీకట్లో మనుషుల ఆకారంలో రాళ్ళు. ఆమె వాటిని పట్టించుకోలేదు. కుప్పెతో చివరి బొట్టు దాకా ముంచుకుంది. మూత బిగించి, దూది చుట్టి, బుర్రలో పెట్టి, తిత్తిలో దించి, మూతి కట్టింది. మణికేతుడు బతికాడు అనుకుంది. మొదటిసారి ఆమెకు ఏడుపొచ్చింది.

పాములసందు ముందు మోకాళ్ళ మీద కూర్చుని మోకును కాలికి బిగిస్తుండగా, పక్కనున్న రాయి చెయ్యి చాచి తిత్తిని పట్టుకుంది.

కువలయ కేక నోటిదాకా వచ్చి ఆగింది. నడుము దాకా నల్లరాయి, పైన గడ్డం పెరిగిన మనిషి. అతడు ఆమెను చూడటం లేదు. కళ్ళు మూసుకుని, కుట్టు వెంబడి వేళ్ళు జరుపుతున్నాడు.

"లోపలికి మడిచి కుట్టినాది" అన్నాడు గుసగుసగా. "చివర ముడి మీద ముడి. ఇది నా తిత్తి. నా పెండ్లాం కుట్టినాది."

"సుంకన్నవా?"

పేరు వినగానే అతడు కళ్ళు తెరిచాడు. "మెల్లగా అమ్మా. ఆయన పక్క గవిలోనే ఉంటాడు. గొంతు వినపడిందంటే వస్తాడు. కాలజంఘుడు. నన్ను దారి చూపమని తోడుకొచ్చి ఇట్ల చేసినాడు. నీళ్ళకోసం వచ్చినోళ్ళను చూసి అరవమని సగమే రాయి చేసి పెట్టినాడు. నేను అరవను. నన్ను చూసి అరిచినోళ్ళు వీళ్ళే." చుట్టూ ఉన్న రాళ్ళ వైపు చూపాడు. "కాళ్ళు పూర్తిగా రాయి కాకముందే తిత్తిని వాగులో వదిలినా. పోయినానని తెలుస్తాది, ఏడ్చి ఊరుకుంటాది అనుకుంటి. ఇది ఇంకా రాలనే లేదా? గాజులు తీసిందా ఓబుల?"

కువలయ తిత్తి వైపు చూసింది. కాలికి కట్టిన తిత్తిలో ఒక్క గుక్కెడు జలం ఉంది. అది పోస్తే ఈ మనిషి లేచి నడుస్తాడు, ఇంటికి పోతాడు. తమ్ముడు విగ్రహం అవుతాడు. సుంకన్న కూడా ఆ తిత్తి వైపు చూశాడు. లోపల ఏముందో అతడికి తెలుసు.

"తియ్యలేదు" అంది చివరికి. "తిత్తి రాలలేదు. బయటికి వచ్చాక చింపెయ్యమని తానే ఇచ్చి పంపింది."

అతడు తిత్తిని మళ్ళీ తడిమాడు. తరువాత "నీళ్ళు ఎవురికి?" అన్నాడు.

"మా తమ్ముడికి. రొమ్ము దాకా వచ్చింది."

"అయితే పో. నాకు నడుము దాకే కదా" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "నేను కనపడినానని దానికి చెప్పొద్దు. సగం రాయి మొగుడు దానికెందుకు? ఇంక ఎదురు చూడొద్దని ఇప్పుడే చింపి ఇస్తా, ఉండు. నీ బుర్ర తగలకుండా కొస మాత్రమే."

తిత్తి మూతి అంచును రెండు చేతులతో పట్టి లాగాడు. చిరగలేదు. పళ్ళతో పట్టి లాగాడు. కండలు తాళ్ళలా లేచాయి, చిగుళ్ళలోంచి నెత్తురు వచ్చింది. తోలు సాగను కూడా సాగలేదు.

"ఎట్ల కుట్టింది చూడు ముండ" అన్నాడు. ఇన్నేళ్ళు నోరు మూసుకుని ఉన్న మనిషి ఒక్కసారిగా భోరుమన్నాడు. ఆ ఏడుపు గది కప్పుకు తగిలి, పక్క గవిలోకి పాకి, అక్కడి నుంచి మళ్ళీ మళ్ళీ వెనక్కి వచ్చింది.

దూరంగా ఎక్కడో ఇనుప పావుకోళ్ళ చప్పుడు మొదలైంది.

"దూరు!" అన్నాడు సుంకన్న. కువలయ తల ముందుగా పాములసందులోకి దూరింది. అతడు తిత్తిని ఆమె వెనకాల సందులోకి నెట్టాడు. ఆమె మోచేతులతో పాకింది. వెనక పావుకోళ్ళు గదిలోకి వచ్చి ఆగాయి.

"సుంకన్నా, ఎవరొచ్చారు?" అని ఒక మెత్తటి గొంతు అడిగింది.

"ఎవురూ రాలేదు సామీ. నా పెండ్లాం గుర్తొచ్చింది. ఏడ్చినా."

తరువాత ఏ మాటా వినిపించలేదు. సుంకన్న గొంతు మళ్ళీ రాలేదు. అతడికి ఏమైందో తెలియకపోయినా కువలయ ఆగలేదు. అక్కడ ఆమె ముందుకే పాకగలదు. రాయి ఇటు వీపునూ అటు రొమ్మునూ నొక్కుతోంది. చేతులు తల ముందుకు చాచి ఉన్నాయి, నడుము దగ్గరి బాకు అందదు. అతడు చెప్పొద్దన్నా ఓబులక్కకు చెప్పి తీరాలనుకుంది. తిత్తి చింపనని, గుంజకు మళ్ళీ తానే వేలాడదీస్తానని అనుకుంది. కొంచెం దూరంలో మడుగు నీళ్ళ వాసన తగిలింది.

ఎడమకాలికి కట్టిన మోకు బిగుసుకుంది.

రాతికి పట్టుకుందేమోనని కాలు విదిలించింది. తిత్తి కదల్లేదు. మళ్ళీ విదిలించింది. ఈసారి తిత్తి పావుకోళ్ళు ఆగినవైపుకు, మెల్లగా, మర్యాదగా, ఒక జానెడు వెనక్కి పోయింది. దానితోపాటు ఆమె కూడా జానెడు వెనక్కి పోయింది.

మోకు తెగదు. తోలు చిరగదు. సుంకన్న చెయ్యి అంత దూరం అందదు.